నీళ్ళలో కరగని కెమికల్‌కి చేప పరీక్ష ఎలా? మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల పీవీసీని మెత్తగా చెయ్యడానికి కలిపే డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిసైజర్ గురించి రాశాను కదా, వైర్ల తొడుగుల్లో, రెక్సిన్ సీట్లలో, రక్తం నిల్వ చేసే సంచుల్లో ఉండే నూనెలాంటి కెమికల్ అని. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చోట తిరుగుతున్నాయి. నీళ్ళలో కరగనే కరగని దాన్ని నీళ్ళలో బతికే జీవాల మీద ఎలా టెస్ట్ చేస్తారు, రిపోర్టులో వచ్చిన నంబర్‌ని ఎంతవరకు నమ్మాలి అని. నేను పదకొండేళ్ళు చేసిన ఉద్యోగమే ఇది కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నమస్తే మేడం. నేను హైదరాబాద్‌ల ఒక కాంట్రాక్ట్ ల్యాబ్‌ల చేరి ఎనిమిది నెలలైంది. ఒక ప్లాస్టిసైజర్ వచ్చింది టెస్టింగ్‌కి, నీళ్ళల్ల కరగదు. మా సీనియర్ లీటరుకి 100 మిల్లీగ్రాములు తూచి వేసి గట్టిగ షేక్ చేసి డాఫ్నియాని (చిన్న నీటి ఈగల్ని) వదలమన్నడు. నీళ్ళు మబ్బుగ అయినయి. 48 గంటలకి 20లో 7 కదలలేదు. ఇది టాక్సిసిటీ కిందికి వస్తదా? రిపోర్ట్‌ల ఏం రాయాలె?
(పేరు వద్దన్నారు, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఏడూ ఎక్కడున్నాయో చూశావా? బీకర్ అడుగునా, నీళ్ళ మధ్యలోనా, పైన తేలుతూనా? ఇది అడగడానికి కారణం ఉంది. నేను చేరిన రెండో ఏడు నాకూ అచ్చం ఇలాంటి నూనె కెమికలే ఇచ్చారు, నాలుగు బీకర్లు, బీకర్‌కి ఐదు పిల్ల డాఫ్నియాలు, రెండో రోజు పొద్దున చూస్తే కొన్ని కదలట్లేదు, నేనూ గబగబా లెక్క రాసేసుకున్నా. మా ల్యాబ్‌లో పెద్దావిడ ఒకరు వచ్చి బీకర్‌ని కంటి ఎత్తుకి లేపి పక్కనుంచి చూడమన్నారు. చూస్తే అవన్నీ నీటి పై పొరకి అతుక్కుని పక్కకి పడి ఉన్నాయి, చుట్టూ సన్నటి నూనె పొర, లెన్స్ పెట్టి చూస్తే ఈదడానికి వాడే ఆ కొమ్మల్లాంటి స్పర్శకాలకి చిన్న చిన్న బొట్లు అంటుకుని ఉన్నాయి. ఆవిడ పైపెట్‌తో శుభ్రమైన నీటి చుక్క ఒకటి మెల్లగా వాటి మీద వదిలి కిందికి నెట్టారు, రెండు వెంటనే ఈదుకుంటూ వెళ్ళిపోయాయి. అప్పటిదాకా నా నోట్‌బుక్‌లో అవి విషం తిన్నవాటి లెక్కలోనే ఉన్నాయి. వాటిని పట్టుకున్నది విషం కాదు, జిగురు.

డాఫ్నియా టెస్ట్‌కి ఓఈసీడీ (కెమికల్ పరీక్షల పద్ధతులు రాసే దేశాల కూటమి) వాళ్ళ 202వ గైడ్‌లైన్ ఉంది కదా, అందులో కదలకపోవడం అంటే బీకర్‌ని మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదకపోవడం, అంతే. ఎందుకు ఈదలేదు అన్నది ఆ లెక్క చెప్పదు, అది చూడాల్సింది నువ్వే. కాబట్టి నీ దగ్గరున్న 7 ప్రస్తుతానికి టాక్సిసిటీ అనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. మన డీఈహెచ్‌పీనే తీసుకో, యూరప్ వాళ్ళు రిస్క్ అసెస్‌మెంట్‌లో తీసుకున్న కరిగే హద్దు లీటరుకి 3 మైక్రోగ్రాములు. నువ్వు 100 మిల్లీగ్రాములు వేస్తే అది 1,00,000 మైక్రోగ్రాములు, అంటే కరిగేదానికి 33 వేల రెట్లు ఎక్కువ వేశావన్నమాట. ఆ 3 తప్ప మిగతా 99,997 ఏమైనట్టు? పైన తేలుతుంది, గ్లాసు గోడకి పడుతుంది, షేక్ చేశాం కాబట్టి కంటికి కనపడని బొట్లుగా నీళ్ళంతా తిరుగుతుంది. జీవికి అందినది 3 మైక్రోగ్రాములు అయితే రిపోర్టులో 100 మిల్లీగ్రాములు అని రాస్తాం. ఈ ఫీల్డ్‌లో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి, పోసింది వేరు, కరిగింది వేరు, మనం మాత్రం పోసినదాన్నే రాసుకుంటాం.

మరి ఎలా చెయ్యాలంటే, షేక్ చెయ్యడం ముందు ఆపెయ్. పెద్ద గ్లాసు పాత్రలో నీళ్ళు తీసుకుని కెమికల్‌ని పైన వదిలి, సుడి పెద్దగా పడకుండా బాగా నెమ్మదిగా తిప్పు, ఒక్కో కెమికల్‌కి ఒక రోజు చాలు, కొన్నింటికి రోజులు పడుతుంది, రోజూ కొంచెం తీసి కొలిచి నంబర్ పెరగడం ఆగిందా లేదా చూసుకోవాలి. ఆగాక కదపకుండా వదిలెయ్, తర్వాత నీళ్ళని పాత్ర కింద ఉన్న కుళాయి నుంచో సైఫన్‌తోనో మధ్యలోంచి తీసుకో, పై పొర అందులోకి రానివ్వొద్దు. తీశాక గది లైట్లు ఆపి లేజర్ పాయింటర్ పక్కనుంచి కొట్టు. గీత వెలుగుతూ కనిపించిందంటే ఇంకా బొట్లు ఉన్నట్టే, అది సొల్యూషన్ కాదు. వడకడితే సరిపోతుందని ఎవరైనా అంటే జాగ్రత్త, ఇలాంటి కెమికల్స్ ఫిల్టర్ పేపర్‌నే పట్టుకుని కూర్చుంటాయి, వడకట్టాక నీళ్ళలో అసలేమీ మిగలకపోవచ్చు.

అసిటోన్‌లాంటి సాల్వెంట్‌లో కలిపి వెయ్యొచ్చా అని కూడా నీకు డౌట్ వచ్చే ఉంటుంది. వెయ్యొచ్చు, లీటరుకి 0.1 మిల్లీలీటరు దాటకూడదు, సాల్వెంట్ ఒక్కటే వేసిన కంట్రోల్ (పోల్చి చూసుకోవడానికి) విడిగా పెట్టాలి. కానీ ఆ కాస్త సాల్వెంట్ వల్ల నీళ్ళలో కరిగే హద్దు పెరిగిపోదు, కెమికల్ త్వరగా సర్దుకుంటుంది అంతే. హద్దు దాటి వేస్తే మళ్ళీ బొట్లే. సబ్బులాంటి డిస్పర్సెంట్లు మాత్రం వద్దు, వాటితో నీళ్ళు చూడ్డానికి బాగుంటాయి గానీ లోపల జరిగేది ఇంకా గజిబిజి అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, కొలవాలి. టెస్ట్ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి, జీవులున్న బీకర్ నీళ్ళనే. నంబర్ అనుకున్నదానికి 80 నుంచి 120 శాతం మధ్య నిలబడితే సరే, లేకపోతే కొలిచిన నంబర్ మీదే ఫలితం లెక్కకట్టాలి. ఇలాంటివి 48 గంటల్లో గాజు గోడలకే సగం పోవడం నేను మామూలుగా చూశాను. మరీ మొండి కెమికల్ అయితే సిలికోన్ రింగులకో పొరకో ముందే పట్టించి ఆ సిలికోన్‌ని నీళ్ళలో వేసే పద్ధతి ఉంది, నీళ్ళలో తగ్గినకొద్దీ అదే మళ్ళీ వదులుతూ ఉంటుంది, పాసివ్ డోసింగ్ అంటారు, మీ ల్యాబ్‌లో లేకపోతే పెట్టమని అడుగు.

రిపోర్ట్ సంగతి. నీళ్ళు మబ్బుగా ఉన్నాయన్నది, ఏడూ ఎక్కడున్నాయన్నది ముడి డేటాలో (రా డేటా) ఆ రోజు తేదీతోనే రాసెయ్, తర్వాత రాద్దాంలే అనుకోవద్దు. సీనియర్‌తో గొడవ పడమని చెప్పట్లేదు, ఓఈసీడీ వాళ్ళు ఇలాంటి కష్టమైన పదార్థాల కోసమే 23వ నంబర్ గైడెన్స్ ఇచ్చారు, 2000లో వచ్చింది, 2019లో తిరగరాశారు, అది ప్రింట్ తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టి, సార్ ఇలా మళ్ళీ చేద్దామా అని అడుగు. 2011 నుంచి మన జీఎల్పీ (మంచి ల్యాబ్ పద్ధతుల నిబంధనలు పాటించే) ల్యాబుల డేటాని ఓఈసీడీ దేశాలు ఒప్పుకుంటున్నాయి, అంటే నువ్వు రాసిన నంబర్ మీద ఎక్కడో ఒక దేశంలో ఒక కెమికల్ నిర్ణయం అయిపోతుంది. మళ్ళీ చేస్తే ఏమీ చావలేదనుకో, అప్పుడు కూడా “100 మిల్లీగ్రాముల వరకు సేఫ్” అని రాయకు. “కరిగే హద్దు వరకు 48 గంటల్లో ప్రభావం కనిపించలేదు, కొలిచిన గాఢత ఇంత” అని రాయి.

ప్రశ్న: మేడం, నేను వైజాగ్‌లో ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ చేస్తున్నా. డీఈహెచ్‌పీ నీళ్ళలో ఎంత కరుగుతుందో వెతికితే ఒక చోట లీటరుకి 0.3 మిల్లీగ్రాములు అని ఉంది, మీరు 3 మైక్రోగ్రాములు అన్నారు. వంద రెట్లు తేడా! ఏది రైటు? ప్రాజెక్ట్‌లో ఏది పెట్టాలి?
(విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న వేశావు, చాలామంది మొదట కనిపించిన నంబర్ కాపీ కొట్టేసి వెళ్ళిపోతారు. పెరుగు చిలికి మజ్జిగ చేశాక వెన్న తీసినా ఇంకా సన్న సన్న రేణువులు మజ్జిగలో తిరుగుతుంటాయి కదా, వెన్న మజ్జిగలో కరిగిందని ఎవరం అనం. పాత కొలతల్లో జరిగింది అదే. ఫ్లాస్క్‌లో కెమికల్, నీళ్ళు పోసి గట్టిగా కుదిపి, కాసేపు ఆగి పైనుంచి తీసి కొలిచారు, అందులో కరిగినదానితో పాటు కంటికి కనపడని బొట్లు కూడా వచ్చాయి, మిషన్‌కి ఈ రెండింటికీ తేడా తెలియదు, అన్నీ కలిపి ఒకటే నంబర్ చూపిస్తుంది. నెమ్మదిగా తిప్పే పద్ధతిలో చేశాక అసలు కరిగినది ఎంతో బయటపడింది, ఆ తక్కువ నంబరే నిజానికి దగ్గర. ఓఈసీడీ 105 కూడా లీటరుకి 10 మిల్లీగ్రాముల కంటే తక్కువ కరిగేవాటికి ఫ్లాస్క్ పద్ధతి కాదు, కెమికల్ పూసిన పొడి నింపిన గొట్టంలోంచి నీళ్ళు పంపే కాలమ్ పద్ధతి వాడమంటుంది.

ఇంకో క్రాస్ చెక్ ఉంది. దీని లాగ్ కేఓడబ్ల్యూ 7.5 అని తీసుకుంటారు, అంటే ఆక్టనాల్‌ని (కొవ్వుకి బదులుగా పరీక్షల్లో వాడే ద్రవం), నీళ్ళని పక్కపక్కన పెడితే నీళ్ళలో ఉన్నదానికి సుమారు 3 కోట్ల రెట్లు గాఢంగా ఆక్టనాల్‌లో ఉంటుంది. ఇంత నూనె స్వభావం ఉన్నది లీటరుకి 0.3 మిల్లీగ్రాములు కరగడం ఎలా కుదురుతుంది చెప్పు. ప్రాజెక్ట్‌లో 3 మైక్రోగ్రాములు పెట్టు, పక్కనే ఏ పద్ధతిలో కొలిచారో కూడా ఒక వాక్యం రాయి, వైవాలో అడిగితే అదే నిన్ను కాపాడుతుంది.

ప్రశ్న: మేడం గారూ, నేను ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. మా దగ్గరికి వచ్చే ఒక నూనె కెమికల్ సేఫ్టీ డేటా షీట్‌లో చేపలకి ఎల్సీ 50 (సగం చేపల్ని చంపే గాఢత), 96 గంటలు, లీటరుకి 100 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ అని ఉంది. డ్రమ్ము మీద చచ్చిన చేప బొమ్మ కూడా లేదు. అయితే ఖాళీ డ్రమ్ములు కడిగిన నీళ్ళు కాలవలోకి వదిలితే ఫర్వాలేదా?
(జీడిమెట్ల)

జవాబు: వద్దండీ, దయచేసి వదలకండి. కారణం చెప్తాను, అదే షీట్ తీసుకుని నాతో పాటు చూడండి. మీరు 12వ సెక్షన్ చూశారు, పర్యావరణం గురించి ఉండేది. ఇప్పుడు వెనక్కి తిప్పి 9వ సెక్షన్ చూడండి, నీళ్ళలో కరిగే తీరు అని ఉంటుంది. అక్కడ “కరగదు” అనో, లీటరుకి మిల్లీగ్రామ్ కంటే చాలా తక్కువ నంబరో ఉందంటే ఆ 100 కి అర్థమే లేదు, చేపకి ఎప్పుడూ ఆ 100 అందలేదు. ఆ “కంటే ఎక్కువ” గుర్తు చేప తట్టుకుందని చెప్పట్లేదు, అసలు పరీక్షే సరిగ్గా జరగలేదేమో అని అనుమానించాల్సిన చోటు అది.

రెండో సంగతి టైమ్. ఇలాంటి కెమికల్స్ నీళ్ళలోంచి చేప ఒంట్లోకి నెమ్మదిగా ఎక్కుతాయి, కొవ్వులో పేరుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది, 96 గంటలు అంటే నాలుగు రోజులే కదా. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ డీ4, షాంపూలు, క్రీముల్లో వాడుతూ వచ్చిన ఒక సిలికోన్ పదార్థం. ఇది నీళ్ళలో కరిగేది లీటరుకి 56 మైక్రోగ్రాములే, పైగా మూత తీస్తే గాల్లోకి లేచిపోతుంది, అందుకని పైన గాలి ఖాళీ లేకుండా మూసిన పాత్రల్లో, కొత్త నీళ్ళు ఆగకుండా వస్తూ ఉండేలా రెయిన్‌బో ట్రౌట్ చేపల మీద 14 రోజులు టెస్ట్ చేశారు. అందులో సగం చేపల్ని చంపిన గాఢత 10 మైక్రోగ్రాములు! కరిగే హద్దులో ఐదో వంతు కూడా కాదు. మూత లేని బీకర్‌లో పోసి నాలుగో రోజు ఆపేసి ఉంటే ఈ నంబర్ ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. దీన్ని 2018లో యూరప్ కెమికల్స్ ఏజెన్సీ చాలా ఆందోళన కలిగించే పదార్థాల లిస్టులో చేర్చింది, 2020 జనవరి 31 తర్వాత కడిగేసుకునే కాస్మెటిక్స్‌లో 0.1 శాతం, ఆపైన ఉంటే అక్కడ అమ్మనివ్వరు.

చేప బొమ్మ లేదన్నారు కదా, అది కూడా చెప్తా. లేబుల్ రూల్స్‌లో క్రానిక్ 4 అని ఒక కేటగిరీ ఉంది, సరిగ్గా ఇలాంటివాటి కోసమే పెట్టారు, సరిగ్గా కరగదు, కరిగినంతలో వెంటనే చంపదు, కానీ ప్రకృతిలో త్వరగా విచ్ఛిన్నం కాదు, లాగ్ కేఓడబ్ల్యూ 4 లేదా ఆపైన ఉంటుంది. దానికి బొమ్మా ఉండదు, డేంజర్, వార్నింగ్ అన్న మాటా ఉండదు, హెచ్413 అన్న కోడ్‌తో జలజీవాలకి దీర్ఘకాలం హాని చెయ్యొచ్చు అన్న ఒక్క లైన్ మాత్రం ఉంటుంది. మీ షీట్‌లో 2వ సెక్షన్‌లో ఆ కోడ్ వెతకండి. డ్రమ్ములో మిగిలింది రంపపు పొట్టుతోనో పీల్చే ప్యాడ్లతోనో తుడిచి హజార్డస్ వేస్ట్ కింద పంపించండి, నీళ్ళతో కడగడమే మానెయ్యండి.

ప్రశ్న: చెన్నైలో లూబ్రికెంట్ల కంపెనీలో రెగ్యులేటరీ పని చేస్తున్నాను. మా ఆయిల్ రిపోర్టుల్లో ఎల్సీ 50 బదులు ఎల్ఎల్ 50, లోడింగ్ రేట్ అని వస్తోంది. రెండూ ఒకటేనా మేడం?
(తెలుగు పాఠకుడు, చెన్నై)

జవాబు: ఒకటి కాదండీ. మీ ఆయిల్ ఒకే కెమికల్ కాదు, వందల ముక్కల మిశ్రమం, ఒక్కో ముక్క ఒక్కోలా కరుగుతుంది. అలాంటప్పుడు నీళ్ళలో గాఢత ఇంత అని ఒక్క నంబర్ చెప్పలేం. అందుకే లీటరు నీళ్ళకి ఎంత ఆయిల్ తగిలించామో అదే లోడింగ్ రేట్ అని చెప్పి, నెమ్మదిగా తిప్పి, తేరనిచ్చి, కింద ఉన్న నీళ్ళని మాత్రం టెస్ట్‌కి వాడతారు, అందులో సగం జీవుల్ని చంపిన లోడింగ్ రేటే ఎల్ఎల్ 50. ఒక్కటి గట్టిగా చూడండి, ప్రతి లోడింగ్‌కి నీళ్ళు విడివిడిగా తయారు చేశారా, లేక ఒక పెద్ద స్టాక్ చేసి దాన్ని పలచన చేసుకుంటూ వెళ్ళారా. రెండోది అయితే తిప్పి పంపించండి, ఎందుకంటే ఆయిల్ ఎంత తగిలించామన్నదాన్ని బట్టి నీళ్ళలోకి దిగే ముక్కల పాళ్ళే మారిపోతాయి, పలచన చేస్తే ఆ మార్పు కనపడదు.

ప్రశ్న: అమ్మా, మాది భీమవరం దగ్గర. రొయ్యల చెరువుకి అడుగున షీట్ వేయిద్దామనుకుంటున్నాం. పీవీసీ షీట్ చవగ్గా వస్తంది, మీరు రాసింది చదివాక భయమేసింది. అందులోంచి ఆ కెమికల్ దిగి రొయ్యలు చస్తాయా?
(ఆక్వా రైతు)

జవాబు: అయ్యా, దాని వల్ల నాలుగు రోజుల్లో రొయ్యలు తేలిపోతాయని నేను చెప్పను, డీఈహెచ్‌పీకి కరిగే హద్దులోపల అలా వెంటనే చంపే గుణం టెస్టుల్లో కనపడలేదు. కానీ 2014లో యూరప్ వాళ్ళు దీన్ని జీవాల హార్మోన్ల పనిని చెడగొట్టి పర్యావరణానికి హాని చేసే పదార్థం అని కూడా గుర్తించారు. అదీగాక ఇలాంటివి నీళ్ళలో నిలబడవు, అడుగు బురదలోకి, మిగిలిపోయిన మేతలోకి, నాచులోకి పోతాయి, మీ రొయ్య తిరిగేది, తినేది అంతా ఆ అడుగునే. హెచ్‌డీపీఈ అనే వేరే రకం ప్లాస్టిక్ షీట్‌కి మెత్తబరిచే నూనె కలపాల్సిన పనే లేదు. కాస్త ఖర్చయినా అదే వేయించండి, పీవీసీ వాడి దగ్గర ఏ ప్లాస్టిసైజర్ కలిపారో కాగితం మీద రాసివ్వమంటే చాలామంది ఇవ్వరు.

ప్రశ్న: మేము పటాన్‌చెరు వైపు ఉంటాం. ఒక కంపెనీ వదిలే నీళ్ళ గురించి అడిగితే బయో అసే పాసైంది, నూటికి తొంభై చేపలు బతికినయి అని కాగితం చూపిస్తున్నరు. నమ్మొచ్చా?
(కాలనీ సంఘం తరఫున)

జవాబు: ఆ టెస్ట్ నిజమైనదే, మన ఎన్విరాన్‌మెంట్ ప్రొటెక్షన్ రూల్స్‌లో ఉన్నదే, పలచన చెయ్యని వ్యర్థజలంలో 96 గంటలకి 90 శాతం చేపలు బతకాలి. వెంటనే చంపే విషం నీళ్ళలో లేదని అది చెప్తుంది, అందుకు అది ఉండాలి, నేను వద్దనను. కానీ ఈ కాలమ్ మొత్తం మాట్లాడుకున్న కరగని కెమికల్స్ ఆ చేపల తొట్టిదాకా రానే రావు, ట్రీట్‌మెంట్ ప్లాంట్ బురదలో ఆగుతాయి, శాంపిల్ తెచ్చిన ప్లాస్టిక్ క్యాన్ గోడకి అంటుకుంటాయి, కాలవ అడుగున మట్టిలో పేరుకుంటాయి. చేప బతికిందన్న కాగితం వీటి గురించి ఒక్క మాట కూడా చెప్పదు.

కాబట్టి మీ సంఘం తరఫున లెటర్ రాసేటప్పుడు మళ్ళీ చేపల టెస్ట్ చెయ్యమని అడగొద్దు. కంపెనీ వాడే కెమికల్స్‌లో లాగ్ కేఓడబ్ల్యూ 4, ఆపైన ఉన్నవి ఏవో పేర్లు అడగండి, వాటిని బురదలో, నీళ్ళు కలిసే చోట అడుగు మట్టిలో కొలవమనండి, అదే మట్టిలో చిరోనమస్ (నీటి అడుగు మట్టిలో పెరిగేది) పురుగు పిల్లల్ని పెంచి చూసే పరీక్ష, ఓఈసీడీ 218 లాంటిది, చేయించమనండి. శాంపిల్ గాజు సీసాలో తియ్యమని విడిగా రాయండి, తీసేటప్పుడు మీలో ఒకరు పక్కన నిలబడండి.